పెద్దకాలి బల్లి

శాస్త్రజ్ఞుడు నవ్వెఱుగనివాడని మనవారిలో నొక భ్రమ గలదు. ప్రాణహితా గోదావరీ లోయలో ఎముకలు త్రవ్వినవారి కథ విన్నచో నది తొలగును. వారికి దొరికిన తొడయెముక యొక్కటియే ఐదడుగులకు మించినది, మనిషి నిలువు! కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థవారు 1975లో ఆ జంతువునకు ‘బరపాసారస్’ అని నామకరణము చేసిరి. వంగభాషలో ‘బర’ యనగా పెద్ద, ‘పా’ యనగా కాలు. ‘సారస్’ గ్రీకుల బల్లి. ఇంత పాండిత్యము వెచ్చించి వారు పలికినది ‘పెద్దకాలి బల్లి’ యనియే! త్రవ్వకములు రవీంద్రుని శతజయంతి వత్సరమగు 1961లో సాగుటచే ఆ మహాకవి పేరును గూడ దానికి తగిలించిరి. ఆయన యున్నచో నవ్వియే యుండును.

అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి కడ దొరికిన వేఱొక జంతువునకు, భూగర్భ సర్వేక్షణశాఖకు చెందిన యాదగిరిగారు 1988లో ఆ గ్రామము పేరే పెట్టిరి: కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. రెవెన్యూ దస్త్రములలో దప్ప కనబడని పల్లె నేడు దేశదేశముల పండితుల నోట మెదలుచున్నది. అస్థిపంజరము మాత్రము హైదరాబాదు బిర్లా ప్రదర్శనశాలలో నున్నది. దానిని చూడగోరు పల్లెబాలుడు పట్టణమునకు ప్రయాణము కట్టవలసినదే.

ఆ లోయలోని భూస్వాములను మేము కోరునది యొక్కటి. బావి త్రవ్వించునపుడు ఎముకవంటి రాయి బయటపడినచో, గోడలో పెట్టింపక ఆ శాఖవారికి కబురంపుడు.