వెనక్కి వెళ్లే హక్కు
పాత ట్యాబ్‌ల మరమ్మతు ఉద్యమం: స్థాపన ప్రణాళిక

అప్‌డేట్ చేశాక స్లో అయిపోయిన ట్యాబ్ చెడిపోయిందంటే మేము ఒప్పుకోం. ముందు రోజు రాత్రి దాకా అందులో పాఠం వీడియో ఆగకుండా నడిచింది. వేలు తగలగానే పేజీ తిరిగింది. తెల్లారేసరికి అక్షరం నొక్కితే కాసేపటికి గానీ తెర మీద పడడం లేదు. రాత్రికి రాత్రి లోపలి చిప్పు మారలేదు, ర్యామ్ తరిగిపోలేదు, బ్యాటరీ అరిగిపోలేదు. మారింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే. దాన్ని మార్చాలని నిర్ణయించినవాళ్లు ఎక్కడో ఉన్నారు. డబ్బు పెట్టి కొన్న మనిషిని ఎవరూ అడగలేదు. షాపుకు తీసుకెళ్తే "పాత మోడల్ కదండీ, కొత్తది తీసుకోండి" అంటారు. ఆ మాట విని ఇంటికొచ్చి ట్యాబ్‌ను బీరువా అరలో పడేసిన ఇళ్లు మన చుట్టూ ఎన్నో. ఆ అరల్లోంచి వాటిని బయటికి తీయడానికే ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం.

ఇది ఊరికే పుట్టిన అనుమానం కాదు. నెక్సస్ 7 సంగతి చూడండి. గూగుల్ కోసం ఆసుస్ తయారుచేసిన ఈ ఏడంగుళాల ట్యాబ్ 2012లో 199 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. టెగ్రా 3 చిప్పు, 1 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 4.1. అంత తక్కువ ధరకు అంత చురుకైన ట్యాబ్ అప్పట్లో అరుదు. కానీ కొన్ని నెలలు వాడేసరికి మందగించడం మొదలైంది. కారణం అందులోని ఫ్లాష్ మెమరీ. పలక మీద పాత రాత తుడవందే కొత్తది రాయలేనట్టు, ఫ్లాష్‌లో పాత డేటా చెరపందే కొత్త డేటా ఎక్కదు. మనం డిలీట్ చేసిన ఫైళ్ల చోటు ఇక అక్కర్లేదని ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీకి చెబుతూ ఉండాలి. ట్రిమ్ అనే ఆ పని 2013 జులైలో వచ్చిన ఆండ్రాయిడ్ 4.3తో గానీ మొదలు కాలేదు. అది వచ్చాక నెక్సస్ 7 తేరుకుంది. అప్‌డేట్ వల్ల మేలు జరిగిన సందర్భం ఇది. అప్‌డేట్లన్నీ చెడ్డవని మేము అనం, ఎవరినీ అననివ్వం.

ఆ తరువాతి ఏడాది, 2014 నవంబరులో, ఆండ్రాయిడ్ 5.0 లాలిపాప్ వచ్చింది. యాప్‌లను నడిపే పాత డాల్విక్ యంత్రాంగాన్ని తీసేసి ఏఆర్‌టీ పెట్టారు. అప్పటి ఏఆర్‌టీ యాప్‌ను ముందే మెషీన్ భాషలోకి మార్చి ఉంచేది కాబట్టి స్టోరేజీ ఎక్కువ తినేది. తెర మీద నీడలు, కదలికలు పెరిగాయి. పైగా ర్యామ్‌ను పట్టుకుని వదలని లోపం ఒకటి తోడైంది. కొత్త ఫోన్లు ఆ భారం మోశాయి. 1 జీబీ ర్యామ్ ఉన్న నెక్సస్ 7 మోయలేకపోయింది. దేశదేశాల్లో జనం విసిగిపోయారు. చేతనైనవాళ్లు మాత్రం కంప్యూటర్‌కు తగిలించి మళ్లీ 4.4 వేసుకున్నారు. చచ్చిపోయిందనుకున్న ట్యాబ్ అదే చిప్పుతో, అదే ర్యామ్‌తో మళ్లీ పరుగెత్తింది. పాత వెర్షన్ ఫైళ్లను గూగుల్ అందరికీ అందుబాటులో ఉంచింది కాబట్టే అది కుదిరింది.

2011లో వచ్చిన ఐప్యాడ్ 2కు ఆ అదృష్టం లేదు. 512 ఎంబీ ర్యామ్‌తో, ఐఓఎస్ 4.3తో బయటికొచ్చిన ఆ ట్యాబ్‌కు ఐఓఎస్ 9 దాకా అప్‌డేట్లు అందాయి. అన్నేళ్లు అందించడం గొప్పే. అయితే ఏ వెర్షన్ వేయాలన్నా ఆపిల్ సర్వర్ నుంచి సంతకం రావాలి. కొత్తది వచ్చిన కొద్ది రోజులకు పాతదానికి సంతకం ఆపేస్తారు. ఆపైన ట్యాబ్ మీదే అయినా అధికారికంగా వెనక్కి దారి లేదు. మా పోరాటమంతా ఆ మూసుకుపోయిన దారి కోసమే.

ఈ కోరిక మా ఒక్కరిదే కాదు. పాతబడిన బ్యాటరీలున్న ఐఫోన్లను అప్‌డేట్లతో నెమ్మదింపజేశామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. 2020లో ఫ్రాన్స్ వినియోగదారుల రక్షణ శాఖ ఆ కంపెనీకి రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. వేగం తగ్గుతుందని వినియోగదారులకు ముందుగా చెప్పలేదని, పాత వెర్షన్‌కు వెళ్లే వీలు కూడా లేకపోయిందని ఆ శాఖ వేలెత్తి చూపింది. అంతకు ముందే 2018లో ఇటలీ ఆపిల్‌కు, శాంసంగ్‌కు ఇలాంటి కారణాలతోనే జరిమానాలు వేసింది. ఇక 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే ఫోన్లకు, ట్యాబ్‌లకు మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం 5 ఏళ్లు అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే డిసెంబరులో పోర్టల్ తెరిచింది. పోర్టల్ మంచిదే. సమాచారం దొరకడానికి, హక్కు చేతికి రావడానికి మధ్య ఉన్న దూరం మాత్రం అలాగే ఉంది.

మన ఊళ్లకు ఇది దూరపు గొడవ అనిపిస్తే, 2022 డిసెంబరు 21ని గుర్తు చేసుకోండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబ్‌ల పంపిణీ ఆ రోజు బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టింది. ఆ ఒక్క విడతలోనే అవి ఐదు లక్షలకు పైగా. మరుసటి ఏడాది మరో విడత. వాటిలో పాఠాలు పెట్టిన బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠం ఇచ్చిన కంపెనీ ఉన్నా లేకపోయినా ట్యాబ్ పిల్లవాడి చేతిలోనే ఉంది. కూలి పనికి వెళ్లే తల్లిదండ్రుల ఇంట్లో అంత పెద్ద తెర ఉన్న వస్తువు బహుశా అదొక్కటే. అది స్లో అయిందని మూలన పడితే ఆ ఇంటికి మరొకటి రాదు. ప్రజల డబ్బుతో కొన్న ప్రతి ట్యాబ్ ఎన్నేళ్లు పనిచేస్తుందన్నది ప్రజల లెక్కలోకి రావాలి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. మా మరమ్మతు బల్ల దగ్గర చేసే పని ఇది. అప్‌డేట్ అయిన మొదటి రోజు ఏమీ చేయవద్దని చెబుతాం. లోపల యాప్‌లను కొత్త వెర్షన్‌కు సర్దే పని చాలాసేపు నడుస్తుంది. రాత్రంతా ఛార్జింగ్‌లో, వైఫైలో ఉంచితే కొన్ని ట్యాబ్‌లు వాటంతటవే కుదుటపడతాయి. కుదుటపడకపోతే స్టోరేజీ చూస్తాం. మా దగ్గరికి వచ్చేవాటిలో సగం జబ్బు ఇక్కడే దొరుకుతుందని మా నమ్మకం. నిండిపోయిన ఫ్లాష్ మెమరీకి రాయడానికి చోటు వెతుక్కోవడమే పెద్ద పనవుతుంది. ఐదో వంతైనా ఖాళీ ఉండేలా వాట్సాప్ వీడియోలు, వాడని యాప్‌లు, రెండేసి సార్లు దిగిన ఫైళ్లు తీసేయిస్తాం. ఫొటోలు ముందుగా వేరే చోట దాచాకే ఏదైనా చెరుపుతాం.

ఆ తరువాత రికవరీ మోడ్‌లో క్యాష్ విభాగాన్ని తుడుస్తాం. నెక్సస్ 7లో అయితే ట్యాబ్ ఆపి, వాల్యూమ్ తగ్గించే బటన్‌ను, పవర్ బటన్‌ను కలిపి నొక్కిపట్టి, వచ్చిన మెనూలో రికవరీ ఎంచుకోవాలి. మిగతావాటిలో మోడల్‌ను బట్టి బటన్లు మారతాయి. క్యాష్ తుడవడం వల్ల సొంత ఫైళ్లేమీ పోవు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అక్కడ యానిమేషన్లు ఆపేస్తే పాత చిప్పుకు భారం తగ్గుతుంది. అప్పటికీ మారకపోతే ఫ్యాక్టరీ రీసెట్. ఇక్కడ ఓపిక కావాలి. రీసెట్ కొట్టగానే పాత యాప్‌లన్నీ ఒక్కసారిగా దించుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. రోజుకు ఒకటి రెండు చొప్పున, నిజంగా కావలసినవే వేసుకోవాలి. ఏ యాప్ వేశాక మందగించిందో అప్పుడు తెలుస్తుంది.

చివరి మెట్టు పాత వెర్షన్ మళ్లీ ఎక్కించడం (ఫ్లాష్ చేయడం), లేదా లీనేజ్ ఓఎస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేయడం. అందుకోసం బూట్‌లోడర్ అనే తాళం తెరిస్తే ట్యాబ్‌లోని డేటా అంతా చెరిగిపోతుంది. మధ్యలో కరెంటు పోయినా, ఫైలు తప్పు మోడల్‌ది అయినా ట్యాబ్ అసలు లేవకపోవచ్చు. ఇవన్నీ ముందే చెప్పి, ఒప్పుకున్నాకే ముట్టుకుంటాం. వెనక్కి తీసుకెళ్లిన ట్యాబ్‌లో బ్యాంకు యాప్, యూపీఐ పెట్టవద్దని గట్టిగా చెబుతాం. ఆ వెర్షన్‌కు భద్రతా ప్యాచ్‌లు రావు. పుస్తకాలకు, పాటలకు, పాఠాలకు అది చాలు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచిన ట్యాబ్‌ను ఛార్జింగ్ పెట్టం, గుచ్చం, వంచం. పక్కన పెట్టి ఈ-వ్యర్థాల సేకరణకు పంపిస్తాం. ఎవరిదో తెలియని, అకౌంట్ లాక్‌లో ఉన్న ట్యాబ్‌ను తెరవం. పని జరగదని తేలితే ఆ మాట మొహమాటం లేకుండా చెబుతాం.

హైదరాబాదు జగదీష్ మార్కెట్‌లో, ప్రతి ఊరి బస్టాండ్ పక్కన చిన్న బల్లల మీద సోల్డరింగ్ చేసే కుర్రాళ్లు మాకు పోటీ కారు. వాళ్లే మాకు గురువులు. వాళ్లకు విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ ఫైళ్లు అధికారికంగా అందితే మా ఉద్యమంలో సగం పని తీరిపోతుంది.

కంపెనీలను, ప్రభుత్వాలను మేము అడిగేవి ఇవి. ఏ మోడల్ మీద అప్‌డేట్ ఎంత వేగం తగ్గిస్తుందో అప్‌డేట్ బటన్ పక్కనే తెలుగులో చెప్పాలి. భద్రతా ప్యాచ్‌ను కొత్త హంగులతో కలిపి అంటగట్టకూడదు. భద్రత కావాలనుకున్నవాడు భారం కూడా మోయాలనడం అన్యాయం. నచ్చకపోతే పాత వెర్షన్‌కు వెళ్లే దారి కనీసం ఏడాది పాటు తెరిచి ఉంచాలి. అప్‌డేట్లు ఆపేసిన రోజున బూట్‌లోడర్ తెరిచే వీలు యజమానికి ఇచ్చేయాలి. ప్రభుత్వం బడుల కోసం ట్యాబ్‌లు కొనే టెండర్లలో ఈ షరతులన్నీ రాయాలి. లక్షల్లో కొనేవాడి మాట కంపెనీలు వింటాయి. కాబట్టి మా మొదటి వినతిపత్రం రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకే వెళుతుంది.

మా బల్లలు గ్రంథాలయాల్లో పెడతాం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయాన్ని, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనాన్ని నిలబెట్టిన జాతి మనది. చదువుకునే సాధనం అందరికీ అందాలన్నది ఆ గ్రంథాలయోద్యమం పట్టుదల. మాదీ అదే. అక్కడ బల్ల ఉంటుంది, ప్లగ్గు ఉంటుంది, ఓపికగా కూర్చునే మనుషులు ఉంటారు. డబ్బు తీసుకోం. నేర్చుకుని వెళ్లినవారు మరొకరి ట్యాబ్ బాగు చేయాలన్నదొక్కటే షరతు.

వచ్చేటప్పుడు ట్యాబ్‌తో పాటు దాని ఛార్జర్ తెచ్చుకోండి. గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ మీకు గుర్తుండాలి, మాకు చెప్పకండి, మీరే కొట్టాలి. ఫొటోలు దాచుకోవడానికి ఒక పెన్‌డ్రైవ్. రీసెట్, ఫ్లాష్ రెండూ చేయాల్సి వస్తే మూడు గంటలు పడుతుంది, ఆ తీరిక చేసుకుని రండి. పిల్లలను కూడా తీసుకురండి. మీ ట్యాబ్ స్క్రూలు వాళ్లే విప్పుతారు.