షూటింగు కూడా పనిచేసే చోటే

ఫ్రెంచ్ సినిమా అంటే మన ఫిలిం సొసైటీల వాళ్లకి ఎంతో గౌరవం. నాకూ ఉంది. అయితే ఆ గౌరవంతోనే మనం అడగడం మానేసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిని ఇప్పుడు ఆ సినిమాల్లో పనిచేసిన స్త్రీలే అడుగుతున్నారు.

1972లో ఫ్రాన్స్, ఇటలీ కలిసి తీసిన ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’లో నటించేనాటికి మరియా ష్నైడర్‌కి 19 ఏళ్లు. అందులోని అత్యాచార సన్నివేశంలో వెన్న వాడాలని దర్శకుడు బెర్టొలూచీ, నటుడు మార్లన్ బ్రాండో ఆ ఉదయం తమలో తాము అనుకున్నారు. ఆమెకి ముందుగా చెప్పలేదు. బ్రాండో చేసింది నటనే అయినా తాను కార్చింది నిజం కన్నీళ్లేనని 2007లో ఆమె చెప్పింది. 2011లో చనిపోయింది. మరో రెండేళ్లకి బెర్టొలూచీ నోరు విప్పాడు. తనకి కావలసింది నటి స్పందన కాదట, ఒక అమ్మాయి స్పందనట! నటించడానికే పెట్టుకున్న మనిషిని నటించనివ్వకుండా, ఆమె అవమానాన్ని కెమెరాతో పట్టుకుని దానికి కళ అని పేరు పెట్టారు. ఆస్కార్ నామినేషన్లు మాత్రం ఆ ఇద్దరు మగవాళ్లకీ వచ్చాయి.

ఆడేల్ హేనెల్ మరీ చిన్నపిల్ల. ‘లే దియాబ్ల్’లో నటించినప్పుడు పన్నెండేళ్లు. దర్శకుడు క్రిస్తోఫ్ రుజియా తనపై లైంగిక దాడులు చేశాడని 2019లో ఆమె బయటపెట్టింది. ఆయన కాదన్నాడు. 2025 ఫిబ్రవరిలో పారిస్ కోర్టు నాలుగేళ్ల శిక్ష వేస్తే అప్పీలుకి వెళ్లాడు. ఈలోగా 2020లో, పదమూడేళ్ల బాలిక కేసులో నేరం ఒప్పుకుని అమెరికా నుంచి పారిపోయిన రోమన్ పొలాన్స్కీకి సెజార్ అవార్డు ప్రకటించగానే ఆమె లేచి వెళ్లిపోయింది. 2023లో సినిమాలే వదిలేశానని లేఖ రాసింది. పరిశ్రమను వదిలి వెళ్లాల్సి వచ్చింది ఆమెకి, గమనించండి.

జెరార్ దెపార్ద్యూ సంగతి మరొకటి. ఫ్రాన్స్‌కి ఆయన గర్వకారణమని సాక్షాత్తూ అధ్యక్షుడు మాక్రాన్ 2023 డిసెంబరులో టీవీలో వెనకేసుకొచ్చాడు. 2021 నాటి ఒక షూటింగులో ఇద్దరు స్త్రీలపై లైంగిక దాడి చేసినందుకు 2025 మేలో కోర్టు ఆయనకి 18 నెలల శిక్ష వేసి, అమలు నిలిపింది. ఆయనా అప్పీలు చేశాడు. ఆ స్త్రీలిద్దరూ తారలు కారు. ఒకరు సెట్ అలంకరణ చూసే మనిషి, ఇంకొకరు సహాయ దర్శకురాలు. తార మాట్లాడితే పత్రికలు రాస్తాయి. సెట్లో సామాన్లు సర్దే మనిషి, మేకప్ పెట్టె మోసే మనిషి ఎవరితో చెప్పుకోవాలి?

మన సంగతీ చూద్దాం. కేరళలో జస్టిస్ హేమ కమిటీ 2019లో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టు దాకా బయటికి రాలేదు. అది రాగానే, తెలంగాణలో తయారైన సబ్ కమిటీ నివేదికనూ బయటపెట్టమని సమంత అడిగింది.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అందులో స్త్రీల కోసం పనిచేసే సంస్థల నుంచి గానీ, ఈ సమస్య తెలిసినవారి నుంచి గానీ ఒక బయటి సభ్యురాలు ఉండాలి. మన సంస్థల్లో ఎవరినైనా ఏ సినిమా యూనిట్ అయినా అలా పిలిచిందా? పిలిచి ఉంటే, అక్కడ ఏం జరిగిందో వచ్చే సంచికకి రాసి పంపండి.