బెత్తెడు పొడవు కొరకు



మన ప్రభువు కొండమీద చేసిన ప్రసంగములో జనులను ఒక ప్రశ్న అడిగెను. దిగులుపడి దిగులుపడి తన పొడవును ఒక మూర పెంచుకొన్న మనుష్యుడు మీలో ఉన్నాడా అని దాని భావము. మత్తయి సువార్త 6వ అధ్యాయము తీసి చూడుము. అక్కడి గ్రీకు మాటకు ఎత్తు అనియు, ఆయుస్సు అనియు రెండర్థములు కలవని వేదాంత పాఠశాలలో మాకు నేర్పిరి. మన తెలుగు బైబిలు ఎత్తు అనియే చెప్పుచున్నది. ఆ ప్రశ్నకు అవునని చెప్పగలవాడు పుట్టడని మన పెద్దలు తలంచిరి. ఇప్పుడు పట్టణములలో కొందరు వైద్యులు, మూర కాదు గాని బెత్తెడు పెంచెదము, డబ్బు తెమ్మనుచున్నారు. కాళ్ల ఎముకలను కోసి సాగదీసి మనుష్యుని పొడుగు చేయు ఆపరేషను ఇది. నీకు ఈ సంగతి తెలియదేమో గాని, నీ ఊరి యువకుడు తన చేతిలోని ఫోనులో దీనిని ఇదివరకే చూచియున్నాడు.

ఈ విద్య అందము కొరకు పుట్టలేదు. రష్యా దేశమున సైబీరియాలో కుర్గాన్ అను పట్టణమున్నది. అచ్చట గవ్రీల్ ఇలిజారోవ్ అను వైద్యుడు 1950ల ఆరంభమునుండి, విరిగి అతుకుకొనని ఎముకలకును, పొట్టియైపోయిన కాళ్లకును ఉక్కు చక్రములు, సన్నని తీగెలు గల చట్రమును బిగించి బాగుచేయసాగెను. యుద్ధములో దెబ్బతిని వచ్చినవారు ఆయన రోగులలో ఉండిరి. 1964 ఒలింపిక్సులో ఎత్తు దూకి బంగారు పతకము పొందిన వలేరీ బ్రుమెల్, మరుసటి యేడు మోటారు సైకిలు ప్రమాదములో కాలు నుజ్జు చేసికొని, ఎన్నో ఆపరేషనులు ఫలింపక, 1968లో ఆయన చేతిలో బాగుపడి తిరిగి దూకెను. 1980ల ఆరంభమున ఈ విద్య ఇటలీ ద్వారా పడమటి దేశములకు చేరినది. పోలియో వచ్చి ఒక కాలు పొట్టియైన బిడ్డకు ఇది మేలు కాదని ఎవడనగలడు?

విధానము చెప్పెదను. తొడ ఎముకనైనను, మోకాలి క్రింది ఎముకనైనను రెండుగా కోయుదురు. రెండు కాళ్లకును ఇట్లే. కొన్ని దినములు ఆగి, ఆ కొనలను దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున, సాధారణముగా నాలుగు విడతలుగా, ఎడము చేయుచు పోవుదురు. ఆ సందులో క్రొత్త ఎముక పుట్టును. ఎముకకు దేవుడు పెట్టిన గుణమది. ఇలిజారోవ్ దానిని కనుగొనెనే గాని కలుగజేయలేదు. చట్రమునకు బదులు ఎముక లోపలనే ఉంచు కడ్డీలును వచ్చినవి. బయటినుండి అయస్కాంతపు యంత్రము పెట్టి వాటిని సాగదీయుదురు. కాలుమీద బరువు మోపవచ్చునని చెప్పి 2018లో తెచ్చిన ఒక రకపు కడ్డీని, తుప్పు సంగతి బయటపడి 2021లో వెనుకకు తీసికొనిరి. ఒక విడతలో పెంచునది అయిదు మొదలు ఎనిమిది సెంటీమీటర్లు. అనగా రెండంగుళములు, మహా అయితే మూడు. నాలుగు వ్రేళ్ల వెడల్పు. మనము బెత్తెడనునది అంతే గదా. మూరలో ఆరవ పాలు.

దినమునకొక మిల్లీమీటరు చొప్పున మూడంగుళములకు డెబ్బది అయిదు దినములకు పైబడును. ఎముక పెరుగును గాని కండయు నరమును అంత తొందరగా సాగవు. అవి బిగిసినచో మోకాలు వంగదు, మడమ నేలకు ఆనదు. నరము దెబ్బతినినచో పాదము వ్రాలిపోవును. తీగెలు దిగినచోట చీము పట్టుట సామాన్యము. క్రొత్త ఎముక గట్టిపడకపోయినచో మరల ఆపరేషను. మూలుగలోని క్రొవ్వు రక్తములో కలిసి ఊపిరితిత్తులకు చేరి ప్రాణముమీదికి వచ్చుటయు వైద్యులెరిగిన అపాయమే. సాగదీయుట ముగిసిన పిమ్మట ఎముక గట్టిపడుటకు, సాగదీసిన దినములకంటె ఎక్కువ దినములు పట్టును. ఏడాది గడిచినను మునుపటివలె పరుగెత్తలేనివారు కలరు.

ఇవి వైద్యుల మాటలు. ఇంటిలో ఇది ఎట్లుండునో నీవు ఊహించుకొనుము. ఇరువదినాలుగేండ్ల కొడుకును తల్లి చంకక్రింద పట్టి లేవనెత్తవలెను. మన ఊళ్ల మరుగుదొడ్డిలో వాడు గొంతుకూర్చుండలేడు. చాపమీద కూర్చుండి అన్నము తినలేడు. పిక్కలు పీకి రాత్రి నిద్రపట్టదు. ఇంటిలో తక్కినవారికిని పట్టదు. ఉదయము సాయంకాలము ఎవరో ఒకరు వాని పాదమును చేతబట్టి పైకి వంచవలెను, వాడు కేకలు వేసినను విడువరాదు. గుడికి వచ్చెనా, మనమందరము చాపలమీద కూర్చుండగా వాడు వెనుక గోడవద్ద కుర్చీలో ఉండును, మోకరించు సమయమున తల మాత్రము వంచును. ఇంత జరుగుచుండగా, ఏమైనదని అడిగినవారికి మోటారు సైకిలుమీదనుండి పడినాడని ఇంటివారు చెప్పుదురు. నొప్పికంటె ఈ అబద్ధమే ఎక్కువ కాలము మోయవలసి వచ్చునేమో అని నా భయము. నొప్పికి ఏదో ఒక దినమున ముగింపుండును.

కీర్తనకారుడు 39వ కీర్తనలో మన ఆయుష్కాలమును బెత్తెడుతో పోల్చెను. ఆ బెత్తెడు ఆయుస్సులో ఒక సంవత్సరము మంచముపాలు చేసి, ఎకరము పొలము అమ్మి, కాలికి బెత్తెడు సంపాదించుకొనుట ఏమి బేరము?

ఇది దూరదేశపు మాట అనుకొనవలదు. 2016 ఏప్రిల్ మాసములో హైదరాబాదులో ఒక యువకుడు ఇంటివారికి చెప్పక ఈ ఆపరేషను చేయించుకొనెను. సంగతి తెలిసి తల్లిదండ్రులు ఆసుపత్రికి పరుగెత్తి నిలదీసిరి; పత్రికలన్నియు వ్రాసినవి. చైనా ప్రభుత్వమైతే, ఎందరో చెడిపోయిన కాళ్లతో మిగులగా, పొడవు కొరకు మాత్రమే చేయు ఇట్టి ఆపరేషనును 2006లోనే నిషేధించెను.

ఇంతవరకు చదివి నీవు తల ఊపియుందువు. సృష్టికర్త చేసిన దేహమును మార్చబూనుట పాపమే, బాగుగా చెప్పితిరి అయ్యగారూ, అనుచుందువు. నేనట్లు చెప్పలేదు. ఆ మాటతోనే నాకు పేచీ. దేహమును కత్తితో ముట్టుటయే పాపమైనచో మన మిషను ఆసుపత్రులన్నియు పాపపు ఇండ్లే. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానిగారును ఆమె భర్తయు 1915 ప్రాంతమున కుష్ఠరోగుల కొరకు ఆసుపత్రి స్థాపించిరి. రాయవేలూరులో పాల్ బ్రాండ్ దొరగారు 1940ల చివరినుండి, కుష్ఠు వలన ముడుచుకొనిపోయిన చేతుల స్నాయువులను ఒకచోటినుండి తీసి మరియొకచోట కలిపి, భిక్షమెత్తు చేతులను పనిచేయు చేతులుగా చేసెను. ఆయన తరచు చెప్పుచు వచ్చిన సంగతి ఒకటున్నది: నొప్పి దేవుడిచ్చిన వరము, అది లేనందుననే కుష్ఠరోగి తన వ్రేళ్లను తెలియకయే పోగొట్టుకొనును అని. ఆ చేతులను ముట్టిన కత్తి ధన్యమైనది. కత్తి ఎవరి చేతిలో ఉన్నది అని గాక, ఎవరు పంపగా రోగి దానిక్రిందికి వచ్చెను అని నేనడుగుచున్నాను. కుష్ఠరోగిని రోగము పంపినది. బాగుగా నడచుచున్న మన పిల్లవానిని ఎవరు పంపిరి?

మనము పంపితిమి.

కోపపడక వినుము. పెండ్లి మాటలు చాలవరకు పాస్టరు ఇంటి వరండాలోనే నడుచును గనుక ఈ సంగతి నాకు బాగుగా తెలియును. ఇరువది అయిదేండ్లుగా వినుచున్నాను. పిల్లవాడు నిర్ధారణ పొందినాడా, బల్లకు వచ్చుచున్నాడా, త్రాగునా అని అడుగువారు తక్కువ. మొదటి ప్రశ్న, ఎంత పొడవండీ? మొన్న ఒక సంబంధము వచ్చినది. వరుడు బడిపంతులు, అయిదడుగుల నాలుగంగుళములు. సిగరెట్టు కూడ ముట్టడు, ఆదివారపు బడి నడుపును. పిల్ల వానికంటె ఒక్క అంగుళము ఎక్కువ. ప్రక్కప్రక్కన నిలిచిన ఫోటో బాగుండదని పిల్ల తండ్రి మానుకొనెను. ఆయన మా సంఘపు పెద్ద. నెల తిరుగక మునుపే ఆరడుగుల వానికి ఇచ్చిరి. వాని నోటి వాసన నాకు వరండా ఈ చివరకు తెలిసినది. పొడుగు పిల్లలను కన్నవారి బాధయు ఇదే. చదివి ఉద్యోగము చేయుచున్న అమ్మాయి, తగిన పొడుగువాడు దొరకలేదని ముప్పది దాటి ఇంటిలో ఉండిపోవును.

క్రిస్మసు నాటకములో పొడుగు పిల్లవాడు గబ్రియేలు దూత, పొట్టివాడు ఎప్పటికిని జక్కయ్యయో గొఱ్ఱెపిల్లయో. పొట్టివానికి పుట్టెడు బుద్ధులని పెద్దలే నవ్వుదురు. పదియేండ్లు ఇట్లు నవ్వి, పిమ్మట వాడు కాళ్లు కోయించుకొని వచ్చినచో విశ్వాసము లేనివాడనుట ఏ న్యాయము?

పరిశుద్ధ గ్రంథము పొడవును గూర్చి చెప్పక పోలేదు. జనులందరికంటె తల ఎత్తుగా కనబడిన సౌలును చూచి ఇశ్రాయేలీయులు కేకలు వేసిరి. తరువాత గొల్యాతు ఎదుట అందరికంటె పొడుగైన ఆ రాజే దిక్కుతోచక నిలిచెను. ఏలీయాబు ఆకారమును చూచి సమూయేలు ప్రవక్తయంతటివాడు తొందరపడబోగా దేవుడు వారించెను. మన ప్రభువు ఎంత పొడవుండెనో నలుగురు సువార్తికులలో ఒక్కడును వ్రాయలేదు. జక్కయ్య మాత్రము పొట్టివాడని లూకా వ్రాసెను. వానికి ప్రభువును చూడనీయక అడ్డమైనది తన కాళ్లు కాదు, చుట్టునున్న జనము. చోటియ్యక నిలిచిన వీపులవలన వాడు మేడిచెట్టు ఎక్కవలసి వచ్చెను. ప్రభువు వానిని చెట్టుమీదనే ఉంచి పొగడలేదు. త్వరగా దిగుమని చెప్పి, ఉన్న పొడవుతోనే ఇంటికి నడిపించుకొనిపోయెను.

పోలీసు ఉద్యోగము కొరకు అడుగు పిల్లలున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రములలో కానిస్టేబులు పనికి మగవారికి సాధారణముగా 167.6 సెంటీమీటర్ల ఎత్తు కావలెను. ఒక అంగుళము తక్కువై తిరిగివచ్చిన బీద పిల్లవాని కన్నీరు ఫోటో కొరకైన కన్నీరు కాదు, దానిని నేను తక్కువ చేయను. అయినను తమ్ముడా, ఆ పనికే 1600 మీటర్లు పరుగెత్తవలెను గదా. కొలబద్ద దాటి పరుగులో పడిపోవుటకు తండ్రి పొలము అమ్మించకుము. ఇంకను వేరే పరీక్షలున్నవి.

చేయించుకొని సుఖముగా ఉన్నామని చెప్పువారును కలరు. నేను కాదనను. మంచి డాక్టరు దొరికి, అపాయము తప్పి, చక్కగా నడచువారున్నారు. వారి సంతోషము అబద్ధము కాదు. కాని ఆ సంతోషము ఎవరి చేతిలో ఉన్నది? అయిదడుగుల ఆరంగుళములప్పుడు ఎనిమిది చాలుననుకొన్నవానికి, ఎనిమిది రాగానే పదివాని ప్రక్కన నిలుచుట కష్టమగును. మరియు పెండ్లి అయినపుడు కాలిమీది మచ్చలను భార్యకు ఏమని చెప్పును? ముందుగా చెప్పినచో సంబంధము తప్పునని భయము, చెప్పనిచో మోసము. పుట్టు బిడ్డలు తండ్రి మునుపటి పొడవునే పోలుదురు గాని కొనుక్కొన్న పొడవును పోలరు. ఆ బిడ్డనైనను కొలువక ముద్దాడునో, వానిని కూడ గోడకు నిలబెట్టి గీత గీయునో చెప్పలేను.

కనుక ఇట్టివాడు పెండ్లి ప్రకటనకు ముందే పిల్లకు ఈ సంగతి తానే చెప్పవలెనని నా మాట. పిల్లవారు అది విని లేచిపోయినచో పోనిమ్ము. సంఘపు పెద్దలారా, సంబంధము కొరకు నాయొద్దకు తెచ్చు కాగితములో ఎత్తు వ్రాయవద్దని ఇప్పటినుండి కోరుచున్నాను. వ్రాసి తెచ్చినచో ఆ వరుస కొట్టివేసి అవతలివారికి పంపెదను.

మీ గ్రామమునకు ఇట్టి పిల్లవాడు వాకరు పట్టుకొని తిరిగివచ్చి యుండవచ్చును. స్త్రీల సమాజమువారు తల్లికి ఒక పూట విశ్రాంతి ఇచ్చుటకు వంతులు వేసికొనుడి. పాదము వంచి పట్టుకొనుటకు బలమైన చేతులు కావలెను గనుక యువజనులు ఇద్దరు సాయంకాలము వెళ్లుడి. గుడిలో కుర్చీని వెనుక గోడ దగ్గర వేయక, చాపల నడుమ వేయుడి. ప్రార్థన చేయునప్పుడు వాని తప్పును దేవునికి వివరించి చెప్పవద్దు, ఆయనకు తెలియును. వెళ్లినప్పుడు అన్నము తిన్నావా అని అడుగుడి, నిద్రపట్టినదా అని అడుగుడి. ఎన్ని అంగుళములు పెరిగెనని మాత్రము అడుగవద్దు.