నూనె రాయక ముందు సర్వీసు పుస్తకం చూపించండి



గత ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం ముందు ఒక కారు ఆగి ఉంది. బానెట్టు మీద తెల్ల రిబ్బను, డ్యాష్‌బోర్డు మీద కొత్త బైబిలు. మన సంఘంలో ఒక తమ్ముడు మూడు రోజుల క్రితం కొన్న సెకండ్ హ్యాండ్ కారు అది. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు. "అయ్యగారూ, నూనె రాసి ప్రార్థన చేయండి" అన్నారు. "చేస్తాను నాన్నా, సర్వీసు రికార్డు ఉందా?" అని అడిగాను. లేదన్నాడు. "అయితే ఈ వారం అది వెతుకు. ఇప్పుడు మీ కుటుంబం కోసం ప్రార్థన చేద్దాం, బండికి వచ్చే ఆదివారం చేద్దాం" అన్నాను.

వాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. సాయంత్రానికల్లా మాట నా దాకా వచ్చింది. "అయ్యగారికి విశ్వాసం తగ్గింది. దేవుడి మీద కంటే మెకానిక్ మీద నమ్మకం ఎక్కువైంది" అన్నారట. ఈ మాటకు జవాబు చెప్పకుండా ఊరుకుంటే తప్పు చేసినవాణ్ణి అవుతాను. కోపంతో రాయడం లేదు. సిగ్గుతో రాస్తున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మూడు ఊళ్ళ పరిచర్యకు మోటారు సైకిలు మీద తిరిగి నడుము పట్టేసి, ఈ సంవత్సరం నేనూ ఒక పాత డీజిల్ కారు కొన్నాను. అమ్మినాయన నరసరావుపేటలో ఉంటారు, ఒక సంఘంలో పెద్ద. మీటరు మీద 58,400 కిలోమీటర్లు ఉంది. సర్వీసు పుస్తకం అడిగితే "ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది అయ్యగారూ. బండి మాత్రం బంగారం" అన్నారు. విశ్వాసి మాట కదా అని ఇంకేమీ అడగలేదు. ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకుని తాళాలు తీసుకున్నాను. ఆ తర్వాత ఐదు వారాలు ఆ బండిలోనే సండే స్కూలు పిల్లల్ని ఆరుగురేసి చొప్పున ఎక్కించుకుని తిరిగాను.

ఆర్‌సీ నా పేరు మీదకు మారాక ఒక పని మీద గుంటూరు వెళ్ళి, దారిలో ఆ కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఆగాను. ఆర్‌సీ చూపించి, బండి నంబరు, ఛాసిస్ నంబరు ఇచ్చి, పాత రికార్డు ఏమైనా ఉందా అని అడిగాను. కంప్యూటర్‌లో చూసి రెండు కాగితాలు తీసిచ్చారు. చివరిసారి ఆ బండి అక్కడికి వచ్చింది 2021 ఆగస్టులో. ఆ రోజు మీటరు 96,300. దాని కింద ఒక వరుస రాసి ఉంది. టైమింగ్ బెల్టు మార్చాలని చెప్పాం, కస్టమర్ వద్దన్నారు అని దాని అర్థం.

నాకు కాళ్ళు ఆడలేదు. 2021లో 96,300 తిరిగిన బండి ఇప్పుడు 58,400 ఎలా తిరిగి ఉంటుంది?

టైమింగ్ బెల్టు అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. ఇంజిను కింది భాగంలో తిరిగే క్రాంకు షాఫ్టునూ, పైన వాల్వులను తెరిచి మూసే క్యాము షాఫ్టునూ కలిపి ఒకే లయలో తిప్పే పళ్ళ బెల్టు అది. అన్ని బండ్లకూ బెల్టు ఉండదు. కొన్నిటికి గొలుసు ఉంటుంది. బెల్టు ఉన్న బండికి ఇన్ని కిలోమీటర్లకు గానీ ఇన్నేళ్ళకు గానీ, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలని కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. మార్చకపోతే అది చెప్పకుండా తెగుతుంది. నా బండిలాంటి ఇంజినులో తెగిన క్షణంలో వాల్వులకు పిస్టన్లు తగులుతాయి, ఇంజిను అక్కడికక్కడే ఆగిపోతుంది. స్టీరింగు బిగుసుకుపోతుంది. బ్రేకు రెండు మూడు సార్లు తొక్కేసరికి రాయిలా గట్టిపడుతుంది. వెనక లారీ వస్తుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. షెడ్డులో విప్పిస్తే నా బండి బెల్టు అంచులు నెర్రెలిచ్చి ఉన్నాయి. బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు కలిపి మార్చడానికి పదకొండు వేలు అయింది. డబ్బు గురించి నాకు బాధ లేదు. ఐదు వారాలు నా వెనక సీట్లో కూర్చుని పాటలు పాడిన ఆ పిల్లల గురించే నా బాధ.

అప్పటి నుంచి ఆ బండి చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే నేను మూడో యజమానినని తేలింది. నాకు అమ్మినాయన రెండో యజమాని. ఆయన 2022లో ఒక బ్రోకర్ దగ్గర కొన్నారు. డోరు తీస్తే పక్కన ఇంజిను ఆయిలు మార్చినప్పుడు అంటించే స్టిక్కరు సగం చిరిగి ఉంది. దాని మీద షెడ్డు ఫోను నంబరు ఉంది. నరసరావుపేటలో ఆ షెడ్డు పట్టుకున్నాను. ఆ మెకానిక్ చదువుకున్నవాడు కాదు, మన విశ్వాసీ కాదు. కానీ అటక మీద నుంచి నూనె మరకల డైరీ దించి, వేలితో వరుసలు చూసుకుంటూ వెతికాడు. "ఇదిగో పాస్టర్ గారూ, 2022లో మొదటిసారి వచ్చింది, 41,000 మీద. బెల్టు ఎప్పుడు మార్చారో తెలీదు, మార్పిద్దాం అని చెప్పాను. తర్వాత చూద్దాం అన్నారు" అన్నాడు.

లెక్క మీరే వేయండి. 2021లో 96,300. 2022లో 41,000. మధ్యలో ఎవరో మీటరు వెనక్కి తిప్పారు. 41,000 నుంచి 58,400 దాకా తిరిగింది 17,400. అంటే నేను కొన్న రోజుకు ఆ బండి తిరిగింది తక్కువలో తక్కువ 1,13,700 కిలోమీటర్లు. దాదాపు రెట్టింపు.

అమ్మిన పెద్దాయనకు ఫోను చేశాను. చాలా సేపు మాట్లాడలేదు. తర్వాత ఒప్పుకున్నారు. మీటరు ఆయన తిప్పలేదు. కానీ సర్వీసు పుస్తకం ఇల్లు మారినప్పుడు పోలేదు. ఆయనకు బ్రోకర్ ఎప్పుడూ ఇవ్వనేలేదు. బెల్టు సంగతి మెకానిక్ చెప్పిన మాట తెలిసే దాచారు. "మీరు అడగలేదు కదా అయ్యగారూ" అన్నారు.

మీరు అడగలేదు కదా! ఈ ఒక్క మాట మీదే నా పోరాటం.

మన మధ్య ఈ మాట ఎంత మామూలైపోయిందో చూడండి. లేవీయకాండము 19వ అధ్యాయంలో తూకాలు, కొలతల గురించి ప్రసంగం చేస్తే అందరం ఆమేన్ అంటాం. దొంగ తూకపు రాయి అంటే కిరాణా కొట్టువాడికే సంబంధం అనుకుంటాం. మీటరు కూడా తూకమే. సర్వీసు పుస్తకం కూడా కొలతే. మీటరు తిప్పినవాడు తూకపు రాయిని చెక్కేసినవాడు. రాయి చెక్కి ఉందని తెలిసీ దానితోనే తూచి ఇచ్చినవాడు రెండోవాడు. వాడి చేతికి సుత్తి అంటలేదని వాడు నిర్దోషి అవుతాడా?

"రేటు తగ్గించి ఇచ్చాం కదా" అంటారు కొందరు. తగ్గించిన ధరకు పాత బండి అమ్మవచ్చు, ప్రమాదాన్ని మూటగట్టి అమ్మకూడదు. లోపం చెప్పి ధర తగ్గిస్తే అది బేరం. లోపం దాచి ధర తగ్గిస్తే అది ఎర.

"చట్టం ఏమీ అడగదు కదా" అంటారు ఇంకొందరు. నిజమే. బండి అమ్మినప్పుడు సంతకం పెట్టే ఫారం 29లో ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితం కొన్నవారికి అప్పగించాను అని ఉంటుంది. సర్వీసు రికార్డు మాట అందులో లేదు. పాత బండ్ల వ్యాపారుల కోసం కేంద్రం 2022 డిసెంబరులో కొత్త నియమాలు తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం వ్యాపారి అనుమతి తీసుకోవాలి, తన చేతిలో ఉన్నంతకాలం బండి ఎందుకు తిరిగింది, ఎవరు నడిపారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అనే లెక్క రాయాలి. మంచిదే. కానీ మీరూ నేనూ మందిరం మెట్ల మీద కూర్చుని చేసుకునే బేరానికి ఆ లెక్క రాసేవారెవరు? చట్టం అడగని చోటే కదా మన సాక్ష్యం బయటపడేది.

ఇక నన్ను విశ్వాసం తగ్గినవాడు అన్నవారికి ఒక మాట. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టక ముందు ఏం చేశాడు? రాత్రివేళ కొద్దిమందితో వెళ్ళి, ఎక్కడ పడిపోయిందో, ఎక్కడ కాలిపోయిందో తిరిగి చూశాడు. ఆయనకు విశ్వాసం లేకనా? పౌలు యెరూషలేము పేదల కోసం చందా పంపుతూ, ఎవరూ వేలెత్తి చూపకుండా నమ్మకమైన మనుషుల్ని తోడు పంపాడు. సంఘాల మీద నమ్మకం లేకనా? పరిశీలించడం అవిశ్వాసం కాదు. పరిశీలించే పని మనకిచ్చి ఉండగా, ఆ పని చేయకుండా దేవుడి మీదకు నెట్టడమే అవిశ్వాసం. బ్రేకు చూడకుండా నూనె రాయమంటే, నా చేత దేవుణ్ణి శోధింపజేస్తున్నట్టే.

ఇప్పుడు నా సిగ్గు సంగతి. ఆ పెద్దాయన మీద కోపంతో రెండు రోజులు నిద్రపోలేదు. మూడో రాత్రి గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం నా పాత మోటారు సైకిలు మన సంఘంలోని ఒక కుర్రాడికే అమ్మాను. అంతకు ముందు నేను కల్వర్టు దగ్గర పడితే ముందు ఫోర్కు వంగింది. షెడ్డులో సాగగొట్టించాను, కొత్తది వేయించలేదు. ఆ బిల్లు నా బల్ల సొరుగులోనే ఉంది. ఆ కుర్రాడు "ఏమైనా ఇబ్బంది ఉందా అయ్యగారూ" అని అడిగితే "ఏమీ లేదు నాన్నా" అన్నాను. ఆ పెద్దాయన అడగనిది చెప్పలేదు. నేను అడిగినా చెప్పలేదు. ఎవరు పెద్ద పాపి? మర్నాడే ఆ బిల్లు తీసుకుని ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ అమ్మ ముందే చెప్పి క్షమాపణ అడిగాను. ఫోర్కు ఖర్చు ఇచ్చాను. ఆమె మంచినీళ్ళు ఇచ్చింది కానీ చాలాసేపు నా ముఖం వైపు చూడలేదు. చూడకపోవడం న్యాయమే.

కాబట్టి నాకు చేసుకున్న నియమమే మీకూ చెబుతున్నాను.

కొనేవారు డబ్బు ఇవ్వక ముందే వెతకండి. కంపెనీ సర్వీసు సెంటర్లు కొన్నిచోట్ల యజమానికే రికార్డు ఇస్తాయి, కాబట్టి అమ్మేవారిని వెంటబెట్టుకుని వెళ్ళండి. రాననేవారు ఎందుకు రారో ఆలోచించండి. పాత ఇన్సూరెన్సు పాలసీ అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంటే వరుసగా ఐదేళ్ళు క్లెయిము లేదని అర్థం. 20 ఉంటే ఒక్క సంవత్సరమే. సున్నా ఉంటే ఎందుకో అడగండి. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. దాన్ని మీరు వాడుకుంటే మీరూ దొంగ తూకమే తూచినట్టు. టైరు పక్కన ఒక గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. మీటరు కథకూ, టైరు కథకూ పొంతన లేకపోతే ఆగండి. పెడళ్ళ రబ్బరు అరిగిపోయి, మీటరు మాత్రం కొత్త పెళ్ళికొడుకులా ఉన్నా ఆగండి.

అమ్మేవారికి ఒకటే మాట. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి. "పోయింది" అనకండి.

"మేము పేదవాళ్ళం, ఊళ్ళో షెడ్డులో చేయించుకుంటాం, మాకు బిల్లులెక్కడివి" అంటారని తెలుసు. నేను షోరూము బిల్లులు అడగడం లేదు. పిల్లలు బడికి పట్టుకెళ్ళే నోటుపుస్తకం ఒకటి బండిలో పెట్టండి. తేదీ, మీటరు, ఏం చేయించారు, ఎవరు చేశారు. నాలుగు మాటలు చాలు. చదువురాని ఆ మెకానిక్ డైరీలో ఉన్నవి ఆ నాలుగే. ఆ రోజు నన్ను కాపాడిన సత్యం ఆ డైరీలోనే దొరికింది. అమ్మేటప్పుడు తాళాలతో పాటు ఆ పుస్తకం కూడా ఇవ్వండి.

నా బండిలోనూ ఒక పుస్తకం పెట్టాను. మొదటి పేజీలో ఇలా రాశాను: "మీటరు చూపేది నిజం కాదు. కొన్న రోజుకు కనీసం 1,13,700. అసలు ఎంతో తెలియదు." రేపు నేను ఈ బండి అమ్మితే ఆ పేజీ వల్ల ధర పడిపోతుంది. పడిపోనివ్వండి.

ఆ తమ్ముడు నిన్న ఫోను చేశాడు. గుంటూరు వెళ్తున్నాడట, అమ్మినాయన కూడా వస్తానన్నాడట. వచ్చే ఆదివారం నూనె సీసాతో నేను సిద్ధంగా ఉంటాను.

ప్రభువు మీ ప్రయాణాలను కాపాడును గాక. మన మాటను కూడా కాపాడును గాక. ఆమేన్.

మీ సేవకుడు