అరుష్కరం

పలాసలో జీడిపిక్కల వ్యాపారంతో సంబంధమున్న మిత్రుడొకరు మొన్న మా ఇంట కాఫీ తాగుతూ, "మందుల కంపెనీల మీద రాయండి మేష్టారూ, ఒప్పుకుంటాను. మా జీడిలో రసాయనమేముంది? చెట్టున కాసిన కాయే గదా!" అన్నారు. అతిథి కనుక అప్పటికి ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

చెట్టున కాసినదెల్లా సాధువని ఏ శాస్త్రం చెప్పింది? మన పూర్వులు ఆ పొరపాటు చేయలేదు. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడికి సంస్కృతంలో భల్లాతకమని పేరు. అమరసింహుడు దానికే అరుష్కరమనీ, అగ్నిముఖి అనీ పర్యాయపదాలిచ్చాడు. అరుస్సు అంటే పుండు; పుండు చేసేది అరుష్కరం. విషపరీక్ష ఫలితాన్నే పేరుగా పెట్టారన్నమాట! మన జీడిమామిడి పదహారో శతాబ్దిలో పోర్చుగీసువారి వెంట బ్రెజిల్ నుంచి వచ్చినదే అయినా, ఆ నల్లజీడి కుటుంబానిదే. (మామిడీ ఆ ఇంటిదే, సొన తగిలి మూతి పొక్కినవారికి వేరే చెప్పనక్కరలేదు.)

పిక్క పెంకులో దాదాపు నాలుగో వంతు నూనె. అందులో అధికభాగం అనకార్డిక్ ఆమ్లం, తక్కినవి కార్డాల్, కార్డనాల్. బ్రేకు లైనింగులకూ, రంగులకూ, వార్నిషులకూ వాడే పారిశ్రామిక ద్రవ్యమిది. పీపాలకెత్తి అమ్మేటప్పుడు వెంట వెళ్ళే భద్రతాపత్రంలో చర్మాన్ని మండిస్తుందనీ, అలర్జీ కలిగించవచ్చుననీ, చేతితొడుగులు ధరించాలనీ ఉంటుంది. పీపాలోకి చేరాక రసాయనమైనది, అంతకుముందు పిక్క కొట్టే ఆడమనిషి వేళ్ళ మీద ఉన్నప్పుడు పండూ ఫలమూనా?

దీని కీడు రెండు విధాలు. ఒకటి వెంటనే మండటం. రెండోది అలర్జీ, ఒకటి రెండు రోజులు గడిచాక గాని దద్దురు తేలదు. అందుచేత ఆమె "వేడి చేసిందండి" అంటుంది, యజమాని "అంతే" అంటాడు. డ్రమ్ములో కాల్చే పద్ధతి పోయి బాయిలరు వచ్చినచోట పొగ తగ్గిన మాట నిజమే. కానీ ఆవిరి పట్టిన పెంకులో నూనె చాలవరకు అలాగే నిలిచి, కొట్టేవారి చేతికే వస్తుంది.

"తొడుగులిస్తే వేసుకోరండీ" అనేది తరువాతి వాదం. కూలి కిలో లెక్కన ఇచ్చి, పిక్క జారిపోయే తొడుగు ఇస్తే ఎవరు వేసుకుంటారు? ఆముదం, బూడిద పూసుకుని కూర్చుంటారు. తొడుగు వల్ల తగ్గిన కిలోలకు కూలి కట్టివ్వండి, వేసుకుంటారో లేదో అప్పుడు చూద్దాం.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక పిల్ల తల్లి ఉపకారవేతనం కాగితం మీద వేలిముద్ర వేయడానికి వచ్చింది. మూడుసార్లు సిరా అద్దినా నల్లటి మచ్చే గాని గీతలు పడలేదు. ఆమె సిగ్గుపడి చేయి కొంగులో దాచుకుంది. నేనేమో, అజ్ఞానిని, సిరా పల్చనైందనుకుని ప్యూనును కేకలేశాను.

ఆ భద్రతాపత్రం ఒక ప్రతి పట్టుకురమ్మని మా మిత్రుడికి నిన్న ఫోను చేశాను. తెలుగు చేసిపెట్టే పని నాది, రుసుము లేదు. పిక్కలు కొట్టేచోట గోడకు అంటించే పని ఆయనది. ఇంకా జవాబు రాలేదు.