నీళ్లరేవు

ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మా యింటి యరుగుమీఁద మావారికిని వారి స్నేహితులకును ఒకటే లెక్క: ఏ కులమునకు ఎన్ని టిక్కెట్లు, ఏ కులమువారి యోట్లు ఎటు పడును. లోపల కాఫీ కాచుచు, ఇది మగవారి గొడవ గదా యని మనము ఊరకుందుము. సోదరీమణులారా, ఆ లెక్కకు మొదలు అరుగుమీఁద లేదు. నీళ్లరేవున, బిందెతో వచ్చిన యాఁడుదానియొద్ద నున్నది.

నాఁడు ప్రకాశము జిల్లాలోనిదైన కారంచేడు సంగతి జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. 1985 జూలైలో, మాదిగపల్లెవారు త్రాగు చెఱువుకడ కమ్మ భూస్వాముల యింటి పడుచువాఁడు గేదెలకు కుడితి పెట్టి ఆ మురికి నీటఁ గలియనీయఁగా, పల్లెవాఁడొకఁడు కాదనెను. వానిఁ గొట్టిరి. నీళ్లకు వచ్చిన స్త్రీ యొకతె అడ్డుపడి, తన్నుఁగూడఁ గొట్టవచ్చినప్పుడు చేతనున్న బిందె నెత్తెను. అంతే. మఱునాఁడు, 17వ తేదీన, పల్లెపై దండెత్తి ఆఱుగురిని చంపిరి; స్త్రీలను చెఱచిరి. మిగిలినవారు చీరాలకుఁ బాఱిపోయిరి.

అంతవఱకు ఏదో యొక పార్టీ నీడను నిలిచి యోటువేసినవారు, ఆ యేఁటనే దళిత మహాసభ కట్టుకొని, తమ మాట తామే చెప్పఁజొచ్చిరి. 1989లో అత్యాచారముల నిరోధమునకుఁ బార్లమెంటు ప్రత్యేక చట్టము చేసెను. 1991లో చుండూరున ఎనమండ్రను చంపినప్పుడు, విచారణ తమ యూరనే జరుగవలెనని బాధితులు పట్టుపట్టి సాధించిరి. కారంచేటి కేసున సుప్రీముకోర్టు తీర్పు మాత్రము 2008లోఁ గాని రాలేదు. నాఁడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరువదిమూఁడేండ్లు.

నీటి తగవు క్రొత్తది కాదు. 1927లో మహాడున అంబేద్కరుగారు తమవారితోఁ గూడి త్రాగినదియుఁ జెఱువునీరే. మన రాజ్యాంగపు 15వ యధికరణమున బావులు, చెఱువులు, స్నానఘట్టములు పేరుపేరునఁ జెప్పఁబడియున్నవి. అంతటి గ్రంథమున బావి కేమి పని యని మేమొకప్పుడు ఆశ్చర్యపడితిమి.

బాల్యమున మా తండ్రిగారు పోతనగారి భాగవతమున రంతిదేవుని కథ మాచేఁ జదివించిరి. నలువదియెనిమిది దినములు పస్తుండిన రాజు తనకు మిగిలిన నీళ్లను చండాలునికిచ్చిన ఘట్టమును పదుగురిలో వల్లించి మెప్పు పొందితిమి. ఆ రోజులలోనే మా పెరటిగూటిలో పనిమనిషికి వేఱుగా సత్తుగ్లాసు బోర్లించి యుండెడిది. కాపురమునకు వచ్చినపిదప అట్టిది మేమును పెట్టితిమి. పెట్టుమని యెవ్వరును చెప్పలేదు.

మొన్న వేసవిలో మా పనిమనిషికి జ్వరము వచ్చి, కూఁతురు వచ్చినది. మావారి బడిలోనే పదవ తరగతి చదువుచున్న పిల్ల. మంచినీళ్లడుగఁగా గూటివైపు చూపితిమి. గ్లాసువంకఁ జూచి, "దాహము లేదండీ" యని చీపురు తీసికొన్నది. అప్పుడు పగలు రెండు గంటలు.

గ్లాసు తీసివేసితిమి. ఆ పిల్ల మాత్రము మరల మా యింట నీళ్లడుగలేదు.

మీ యిండ్ల వాడుక యెట్లున్నదో మాకు వ్రాయుఁడు. పేర్లు ప్రకటింపము.