గుత్త కంపెనీది, నష్టం కూలీది

మన ఊళ్లలో ఇల్లు కట్టించే ఆసామి పనంతా మేస్త్రీకి గుత్తకిస్తాడు. 'ఎట్లా కడతావో నీ ఇష్టం, ఇంతకు పూర్తి చెయ్యి' అంటాడు. ప్రభుత్వాలూ ఇదే దారి పట్టాయి. సర్వే, డిజైను, సామాను, నిర్మాణం అన్నీ ఒకే కంపెనీకి ఏకమొత్తానికి అప్పజెప్పడాన్ని ఇపిసి పద్ధతి అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన జలయజ్ఞం కాలవలకు దీన్ని పెద్దఎత్తున వాడారు. దాని అమలులోని లోపాలను 2012లో కాగ్ ఎత్తిచూపింది. పట్టణాల మంచినీటి, మురుగునీటి పనులకూ ఈ పద్ధతి వచ్చింది.

ఇంజనీర్ల గొడవ మనకెందుకు అనుకోవద్దు. పాత పద్ధతిలో తవ్వకంలో రాయి పడితే కొలిచి, రాతి రేటు కట్టేవారు. ఏకమొత్తపు గుత్తలో రాయి పడితే నష్టం కంపెనీది. అది కాగితం మీద మాట. కంపెనీ దాన్ని సబ్ కంట్రాక్టరు మీదికి, అతను మేస్త్రీ మీదికి, మేస్త్రీ కూలీ మీదికి తోస్తారు.

మా ఊరి కూలీలు నాట్లు అయిపోయాక పక్క పట్టణంలో పైపుల కందకం తవ్వబోయారు. మట్టి రేటుకు ఒప్పుకున్నారు, రెండడుగులకే రాయి తగిలింది. రోజు పని మూడు రోజులు పట్టినా రేటు పెరగలేదు. చివరికి ఆ కూలీ కూడా ఎగ్గొట్టారు. కంపెనీని అడిగితే సబ్ కంట్రాక్టరును అడగమన్నారు. మునిసిపాలిటీకి పోతే 'పనంతా కంపెనీకిచ్చాం, మాకేం సంబంధం' అన్నారు.

చట్టం లేదా అంటే ఉంది. కంట్రాక్టరు కూలీ ఎగ్గొడితే పని చేయించుకునే యజమానే ఇవ్వాలని 1970 చట్టం చెప్పింది. అది 20 మంది కూలీలున్న కంట్రాక్టరుకే వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకొచ్చిన కొత్త కోడ్ ఆ హద్దును 50కి పెంచింది. పదిమంది ముఠాను పెట్టుకున్న మేస్త్రీ దాని కిందికి వస్తాడా?

ఆంధ్రప్రదేశ్‌లో 100 కోట్లు దాటిన పనుల టెండర్లను న్యాయమూర్తి ముందే పరిశీలించాలని 2019లో చట్టం చేశారు, 2024లో రద్దు చేశారు. అది ఉన్నన్నాళ్లూ చూసింది టెండరు కాగితాలనే. కందకంలో దిగినవాడి కూలీ దాని కంటికి ఆనలేదు.

బాధ్యత ఒక్కరి మీదుంటే పని త్వరగా అవుతుందంటున్నారు. కానివ్వండి. ఆ బాధ్యత కూలీ దాకా రావాలి. టెండరుకు ముందే ప్రభుత్వం గుంతలు తవ్వించి నేల స్వభావం తేల్చాలి. రాయి పడితే కూలిరేటు పెరగాలని ఒప్పందంలో రాయాలి. కూలీలందరికీ ముట్టిందని తేలేదాకా కంపెనీ బిల్లు ఆపాలి. ఒప్పందం తెలుగులో పనిచోట అంటించాలి.

పనికి పోయే ముందు ఇవి అడగండి. ఒక్కరుగా కాదు, ముఠా అంతా కలిసి అడగండి.